డుకాటీ పానిగాలే వీ4 ఆర్

డుకాటీ పానిగాలే వీ4 ఆర్ ఇటలీలోని బొలోన్యా నగరం కేంద్రంగా నడిచే డుకాటీ సంస్థ తయారుచేసే 998 సీసీ సూపర్‌బైకు. 2018 చివర్లో లోకానికి చూపించారు, 2019లో అమ్మకానికి తెచ్చారు. సంస్థ కార్ఖానా ఉన్న బోర్గో పానిగాలే అనే శివారు పేరే బండికి పెట్టారు. హెడ్‌లైటు, ఇండికేటర్లు, అద్దాలు, నంబరు ప్లేటు బిగించే చోటు అన్నీ ఉన్నాయి కాబట్టి చట్టం లెక్కలో ఇది రోడ్డు బండే. వెనక మనిషి కూర్చునే సీటు మాత్రం లేదు. ప్రపంచ సూపర్‌బైక్ చాంపియన్‌షిప్ నిబంధనలు ముందు పెట్టుకుని గీసిన బండి ఇది. దీనిలో వింతగా కనిపించే చాలా అంశాలకు కారణం ఆ నిబంధనల్లోనే దొరుకుతుంది.

వెయ్యి సీసీల గీత

1988లో మొదలైన సూపర్‌బైక్ పోటీలకూ మోటోజీపీకీ ఉన్న ప్రధానమైన తేడా బండి దగ్గరే. మోటోజీపీలో పరుగెత్తేవి రేసు కోసమే కట్టిన బళ్లు, వాటిని షోరూంలో కొనలేం. సూపర్‌బైక్ పోటీల్లో నడిపే బండి మామూలు జనానికి కూడా అమ్ముడుపోయే మోడల్ అయివుండాలి. తగినన్ని బళ్లు తయారుచేసి, అమ్మకానికి పెట్టి చూపిస్తేనే అనుమతి దక్కుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ అయితే 1000 సీసీ దాటకూడదు.

డుకాటీ ఈ పోటీల్లో చాలాకాలం రెండు సిలిండర్ల ఇంజిన్‌తోనే నెగ్గుకొచ్చింది. 1990లో రేమండ్ రోష్ 851 మోడల్ మీద తొలి టైటిల్ తెచ్చాడు. ఆ తర్వాత 916 మీద కార్ల్ ఫోగర్టీ, 996 మొదలుకొని 1098 దాకా ట్రాయ్ బేలిస్ ఆ పేరు నిలబెట్టారు. రెండు సిలిండర్ల బళ్లకు 1200 సీసీ దాకా వెసులుబాటు ఉండేది. అయినా నాలుగు సిలిండర్ల బళ్లతో తలపడటం ఏటికేడు కష్టమైంది. 2018 మోడల్‌గా పానిగాలే వీ4 వచ్చింది. మోటోజీపీలో పరుగెత్తే డెస్మోసెడిచి ఇంజిన్ పోలికలతో కట్టిన ఆ వీ4 సామర్థ్యం 1103 సీసీ. రోడ్డు మీద నడపడానికి ఆ అదనపు వంద సీసీలు హాయి. రేసులోకి మాత్రం ఆ ఇంజిన్‌కు అనుమతి లేదు.

అందుకే ఆర్ పుట్టింది. సిలిండర్ వ్యాసాన్ని 81 మిల్లీమీటర్ల దగ్గరే ఉంచి, పిస్టన్ కదిలే దూరాన్ని 53.5 నుంచి 48.4 మిల్లీమీటర్లకు తగ్గించారు. అయిదు మిల్లీమీటర్ల పైచిలుకు కోతతో ఇంజిన్ 998 సీసీలకు దిగింది. సామర్థ్యం తగ్గింది, ధర పెరిగింది. ధర కూడా నిబంధనల నీడలోనే పడింది. రేసుకు అనుమతి పొందే బండి రోడ్డు ధర 40,000 యూరోలు మించకూడదని అప్పట్లో పరిమితి ఉండేది. 2019లో వీ4 ఆర్ ధర 39,900 యూరోలు.

ఇంజిన్

తొలి మోడల్ ఇంజిన్ 15,250 ఆర్‌పీఎమ్ దగ్గర 221 హార్స్‌పవర్ ఇచ్చేది. రేసు సైలెన్సర్ బిగిస్తే 234కు చేరేది. ఆరో గేరులో 16,500 ఆర్‌పీఎమ్ దాకా తిరగనిస్తారు, మిగతా గేర్లలో 16,000 దగ్గరే ఆపేస్తారు.

16,500 ఆర్‌పీఎమ్ అంటే ఏమిటో కాస్త విడమర్చి చూడాలి. క్రాంక్‌షాఫ్ట్ సెకనుకు 275 చుట్లు తిరుగుతుంది. చుట్టుకు రెండుసార్లు, అంటే సెకనుకు 550 సార్లు, ప్రతి పిస్టనూ పూర్తిగా ఆగి దిశ మార్చుకుంటుంది. పిస్టన్ సగటు వేగం సెకనుకు 26 మీటర్లు దాటుతుంది. పైన ఆగి కిందికి తిరిగే క్షణంలో దాని మీద పడే త్వరణం గురుత్వాకర్షణకు ఏడు వేల రెట్ల పైమాటే. ఆ స్థితిలో పది గ్రాముల బరువు కూడా కనెక్టింగ్ రాడ్‌ను డెబ్బై కిలోలకు పైగా బలంతో లాగుతుంది. అందుకే ఈ ఇంజిన్ తయారీలో డబ్బంతా గ్రాములు తగ్గించడానికే పోశారు. కనెక్టింగ్ రాడ్లు, లోపలికి గాలి తెచ్చే వాల్వులు టైటానియంతో చేశారు. క్రాంక్‌షాఫ్ట్ 1103 సీసీ ఇంజిన్‌లోదానికంటే 1.1 కిలోలు తేలిక. కొన్ని మూతలు మెగ్నీషియంతో పోతపోశారు.

ఈ వేగంలో వాల్వులకు మరో చిక్కు ఉంది. మామూలు ఇంజిన్‌లో వాల్వును క్యామ్ తెరుస్తుంది, స్ప్రింగు మూస్తుంది. స్ప్రింగు బిగించిన తలుపును మరీ గబగబా తోస్తూపోతే అది చౌకట్టుకు తగిలేలోపే మళ్లీ తెరుచుకున్నట్టు, వేగం మితిమీరితే వాల్వు పూర్తిగా మూసుకోకుండా గాలిలో తేలుతుంది. పైకొచ్చే పిస్టన్‌కు తగిలితే ఇంజిన్ పని అయిపోయినట్టే. డుకాటీ ఇంజనీరు ఫాబియో టాల్యోని 1956లో 125 సీసీ రేసు బండిలో దీనికి విరుగుడు పెట్టాడు. వాల్వు తెరవడానికి ఒక క్యామ్, మూయడానికి మరో క్యామ్. స్ప్రింగు మీద ఆధారపడే పనే లేదు. డెస్మోడ్రోమిక్ అనే ఈ పద్ధతిని కనిపెట్టింది టాల్యోని కాదు, కానీ దాన్ని ఒక సంస్థ ముద్రగా మార్చింది మాత్రం ఆయనే. వీ4 ఆర్‌లోని పదహారు వాల్వులూ ఇలాగే పనిచేస్తాయి. గరిష్ఠ వేగంలో ఒక్కో వాల్వు సెకనుకు సుమారు 137 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. ఖర్చు, సర్వీసు శ్రమ ఎక్కువైనా ఈ బండిలో డుకాటీ ఈ దారి విడిచిపెట్టలేదు.

సిలిండర్లు రెండేసి చొప్పున 90 డిగ్రీల కోణంలో ఉంటాయి. ఆ కోణం వల్ల ప్రధానమైన కంపనాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, విడిగా బ్యాలెన్సర్ షాఫ్ట్ పెట్టాల్సిన పని లేదు. ఇంధనం మండే వరుస కూడా సమానంగా ఉండదు. ఎడమ పక్క రెండు సిలిండర్లు 90 డిగ్రీల తేడాతో మండుతాయి, 200 డిగ్రీల విరామం తర్వాత కుడి పక్క రెండూ మళ్లీ 90 డిగ్రీల తేడాతో మండుతాయి, ఆపైన 340 డిగ్రీల పాటు ఏమీ ఉండదు. ఆ విరామంలో వెనక టైరు పట్టు కూడదీసుకుంటుందన్నది ఈ అమరిక వెనక ఉన్న వాదన. చెవికి మాత్రం ఇది పెద్ద రెండు సిలిండర్ల బండిలా వినిపిస్తుంది.

అన్నిటికంటే తెలివైన ఏర్పాటు క్రాంక్‌షాఫ్ట్ దిశలో ఉంది. సాధారణంగా చాలా బళ్లలో అది చక్రాలు తిరిగే వైపే తిరుగుతుంది. ఇందులో వెనక్కి తిరుగుతుంది. వేగంగా తిరిగే చక్రాలు బండిని నిటారుగా పట్టి ఉంచుతాయి కాబట్టి మలుపులో వాల్చడానికి బలం పెట్టాలి. ఎదురు తిరిగే క్రాంక్ ఆ బిగువును కొంత తగ్గిస్తుంది. పైగా రైడర్ ఒక్కసారిగా యాక్సిలరేటర్ తిప్పినప్పుడు ఇంజిన్ ప్రతిచర్య ముందు చక్రాన్ని నేలవైపు నొక్కుతుంది. దీనికోసం గేరుబాక్సుకు వెళ్లేదారిలో ఒక అదనపు గేరు పెట్టి దిశ మార్చాలి, కొంచెం శక్తి అక్కడ హరించుకుపోతుంది. మోటోజీపీలో ఈ బేరం లాభసాటి అని తేలాకే రోడ్డు బండికి తెచ్చారు.

క్లచ్ పొడి రకం. ఆయిల్‌లో మునిగి ఉండే క్లచ్‌కు కలిగే ఒరిపిడి దీనికి ఉండదు, ప్లేట్ల అరుగుడు ఇంజిన్ ఆయిల్‌లో కలవదు, మెకానిక్కులు చప్పున విప్పి మార్చేయగలరు. లివరు పట్టగానే ప్లేట్లు వదులై గలగలలాడతాయి. కొత్తవాళ్లు ఏదో ఊడిందని కంగారు పడతారు, పాత డుకాటీ అభిమానులు దానికోసమే చెవి ఒగ్గుతారు.

2023 మోడల్‌కు ఇంజిన్‌ను మళ్లీ సవరించారు. రోడ్డు బండిగా శక్తి 218 హార్స్‌పవర్‌కు తగ్గింది. కానీ కనెక్టింగ్ రాడ్లలో పొడవునా సన్నని రంధ్రం తొలిచారు, పిస్టన్లకు రాపిడి తగ్గించే కార్బన్ పూత పూశారు. రేసు సైలెన్సర్‌తో 237 హార్స్‌పవర్, షెల్ సంస్థతో కలిసి తయారుచేయించిన ప్రత్యేకమైన ఆయిల్ పోస్తే 240.5. ఆయిల్ ఒక్కటే మూడున్నర హార్స్‌పవర్ పెంచిందంటే ఈ స్థాయిలో రాపిడి ఎంత తినేస్తుందో అర్థమవుతుంది.

ఫ్రేము, గాలి, బ్రేకులు

పెట్టెలాంటి పెద్ద ఫ్రేము ఈ బండికి లేదు. ముందు భాగానికి ఒక చిన్న అల్యూమినియం ఫ్రేము ఉంటుంది, మిగతా భారమంతా ఇంజిన్ మోస్తుంది. ఆర్ కోసం ఆ ఫ్రేము పక్కలు తొలిచి గట్టిదనం కావాలనే కొంత తగ్గించారు. బండి పూర్తిగా వాలినప్పుడు సస్పెన్షన్ పైకీ కిందికీ కదలడం దాదాపు పనికిరాదు, గతుకులు పక్కనుంచి తగులుతాయి. అప్పుడు ఫ్రేమే కాస్త వంగాలి.

సస్పెన్షన్ విషయంలో కొనేవారు తరచూ తికమకపడుతుంటారు. తక్కువ ధర వీ4 ఎస్‌లో ఎలక్ట్రానిక్ సస్పెన్షన్ ఉంటే, ఖరీదైన ఆర్‌లో చేత్తో మరలు తిప్పి సరిచేసే ఓలిన్స్ ఫోర్కు, షాక్ అబ్జార్బర్ ఉంటాయి. రేసు జట్లు వాడేదీ ఆ రకమే. స్వింగ్ ఆర్మ్ బిగించే చోటును కూడా నాలుగు స్థానాల్లో మార్చుకోవచ్చు. గట్టిగా వేగం పెంచినప్పుడు చైను లాగుడుకు బండి వెనక భాగం ఎంత కుంగాలన్నది ఆ స్థానమే తేలుస్తుంది.

రెండు పక్కలా పొడుచుకొచ్చిన కార్బన్ రెక్కలు అలంకారం కాదు. 2016 మోటోజీపీ బండి నుంచి వచ్చిన ఆ రెక్కలు గంటకు 270 కిలోమీటర్ల వేగంలో 30 కిలోల బలంతో బండిని కిందికి నొక్కుతాయని సంస్థ లెక్క. ముందు చక్రం లేచిపోకుండా గాలే ఆపితే ఎలక్ట్రానిక్స్ ఇంజిన్ శక్తిని కోయాల్సిన అవసరం తగ్గుతుంది. తొలి మోడల్ ముందు బ్రేకులు 330 మిల్లీమీటర్ల రెండు డిస్కులు, బ్రెంబో స్టైలెమా క్యాలిపర్లు. టైర్లు పిరెల్లీవి, వెనకది 200 మిల్లీమీటర్ల వెడల్పు.

ఎలక్ట్రానిక్స్ జాబితా పొడవైనదే గానీ మూలం ఒక్కటే. ఆరు అక్షాల్లో కదలికను కొలిచే సెన్సారు బండి ఎంత వాలిందో, ముందు చక్రం లేస్తోందో, వెనకది జారుతోందో క్షణక్షణం చెబుతుంటుంది. ట్రాక్షన్ కంట్రోల్, వీలీ కంట్రోల్, మలుపులో పనిచేసే ఏబీఎస్, క్లచ్ పట్టకుండా గేర్లు మార్చే క్విక్‌షిఫ్టర్, ఇంజిన్ బ్రేకింగ్ సర్దుబాటు అన్నీ ఆ సమాచారం మీదే నడుస్తాయి.

రేసుల్లో

2019 సీజన్‌ను స్పెయిన్ రైడర్ అల్వారో బౌతిస్తా ఈ బండి మీద వరసగా 11 గెలుపులతో మొదలుపెట్టాడు. మూడు రౌండ్లు కాగానే నిర్వాహకులు డుకాటీ ఇంజిన్ పరిమితిని 250 ఆర్‌పీఎమ్ తగ్గించారు. ఆ తర్వాతి అసెన్ రౌండ్‌లోనూ అతనే గెలిచాడు కాబట్టి కోత వల్లే కథ మారిందనలేం. సీజన్ రెండో సగంలో బౌతిస్తా పదేపదే పడిపోయాడు, కవాసాకీ మీద జోనథన్ రే నిలకడగా పాయింట్లు పోగుచేసి టైటిల్ ఎత్తుకుపోయాడు. 2020లో జోష్ బ్రూక్స్ వీ4 ఆర్‌తో బ్రిటిష్ సూపర్‌బైక్ టైటిల్ గెలిచాడు.

బౌతిస్తా మధ్యలో హోండాకు వెళ్లి తిరిగొచ్చి 2022, 2023 ప్రపంచ టైటిళ్లు రెండూ గెలిచాడు. 2022లో మోటోజీపీ టైటిల్ కూడా ఫ్రాంచెస్కో బన్యాయా ద్వారా డుకాటీకే దక్కింది. బౌతిస్తా బక్కపలచని మనిషి. అది అన్యాయమైన లాభమని మిగతా జట్లు గొడవ చేయగా, 2024 నుంచి తేలికపాటి రైడర్ల బండికి అదనపు బరువు కట్టే నియమం వచ్చింది. 2024, 2025 టైటిళ్లు రెండూ బీఎండబ్ల్యూ మీద టోప్రాక్ రజ్‌గట్లియోగ్లు గెలిచాడు. రెండుసార్లూ రెండో స్థానం డుకాటీ రైడర్ నికోలో బులేగాది.

2025లో ప్రకటించిన కొత్త వీ4 ఆర్‌లో గేర్ల వరుసే మార్చారు. మామూలుగా ఒకటికీ రెండుకూ మధ్య ఉండే న్యూట్రల్‌ను ఒకటో గేరు కిందికి జరిపారు, మలుపులో గేరు మారుస్తూ పొరపాటున న్యూట్రల్‌లో పడకుండా.

మన రోడ్ల మీద

భారత మార్కెట్లో 2019 మోడల్ 51.87 లక్షల రూపాయల ఎక్స్‌షోరూం ధరకు, 2023 మోడల్ 69.99 లక్షలకు వచ్చాయి. మొదటి గేరులోనే ఇది గంటకు వంద కిలోమీటర్లు దాటిపోతుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు. సిగ్నల్ దగ్గర ఆగితే వెనక సిలిండర్ల వేడి తొడలకు తగులుతుంది. ఈ ఇంజిన్ అసలు బలం 10,000 ఆర్‌పీఎమ్ దాటాకే బయటికొస్తుంది. వాడుకోవాలంటే శ్రీపెరుంబుదూరు దగ్గరున్న మద్రాస్ సర్క్యూట్‌కో, కోయంబత్తూరులోని ట్రాక్‌కో, 2023 సెప్టెంబరులో మోటోజీపీ జరిగిన గ్రేటర్ నోయిడా బుద్ధ్ సర్క్యూట్‌కో తీసుకెళ్లాలి. ఆ రేసు గెలిచిన మార్కో బెజ్జెక్కి నడిపిందీ డుకాటీయే.

రోడ్డు కోసమే కొనదలిస్తే 1103 సీసీ వీ4 మేలు. 2018 మోడల్ లెక్కలే చూసినా దాని టార్క్ 10,000 ఆర్‌పీఎమ్ దగ్గర 124 న్యూటన్ మీటర్లు. ఆర్ ఇచ్చేది 11,500 దగ్గర 112. తక్కువ డబ్బుకు ఎక్కువ లాగుడు, ఎక్కువ సౌకర్యం వీ4లోనే దొరుకుతాయి.