వాయించినవాణ్ణి ఎవరడిగారు?

మా మేనమామ ముంబయిలో పెళ్ళి బ్యాండులో ముప్పయ్యేళ్ళు క్లారినెట్ వాయించాడు. నా చిన్నతనంలో ఒకసారి ఏదో పత్రికవారు నగరంలోని బ్యాండు మేళాల గురించి రాయడానికి వచ్చారు. యజమానితో రెండు గంటలు మాట్లాడి, చాయ్ తాగి, ఎర్రకోట్లు తొడుక్కున్న వాద్యగాళ్ళను వరసగా నిలబెట్టి ఫోటో తీసుకుని వెళ్ళారు. వ్యాసం అచ్చయింది. ఫోటోలో ఎడమవైపు నుంచి మూడోవాడు మా మామ. పేరు లేదు. పైగా, వీళ్ళంతా స్వరలిపి తెలియనివాళ్ళనీ, చెవితో విని వాయించేస్తారనీ రాశారు. మామ ఒక గోవా మాస్టారి దగ్గర రెండేళ్ళు కూర్చుని నొటేషన్ నేర్చుకున్నవాడు. "నువ్వు చెప్పకపోయినవా మామా?" అని అడిగితే, వాద్యాన్ని గుడ్డతో తుడుచుకుంటూ "మమ్ముల నెవలడిగిండ్రు అల్లుడా?" అన్నాడు.

చాలా ఏళ్ళ తరువాత ఒక అమెరికన్ పుస్తకం చదువుతుంటే ఆ మాట మళ్ళీ చెవిన పడినట్లయింది. పుస్తకం పేరు "నోట్స్ అండ్ టోన్స్". రాసినవాడు ఆర్థర్ టేలర్ అనే నల్లజాతి డ్రమ్ము వాద్యకారుడు. 1929లో న్యూయార్కులో పుట్టి, హార్లెంలో పెరిగాడు. సాక్సఫోన్ వాయించే సోనీ రోలిన్స్, జాకీ మెక్లీన్ కుర్రతనం నుంచీ అతని తోటివాళ్ళు. 1959లో జాన్ కోల్ట్రేన్ రికార్డు చేసిన "జయంట్ స్టెప్స్"లో వినిపించే డ్రమ్ములు ఇతనివే. 1963లో ఐరోపాకు వెళ్ళి చాలాకాలం అక్కడే ఉండిపోయాడు. 1968 నుంచి 1972 దాకా, తనకు తెలిసిన వాద్యకారులనూ గాయకులనూ కలిసినప్పుడల్లా టేపురికార్డరు ముందుపెట్టి మాట్లాడించాడు. అలా పాతికమందికి పైగా చెప్పిన సంగతులను 1977లో బెల్జియంలో సొంతంగా అచ్చు వేసుకున్నాడు. 1995లో చనిపోయాడు.

అప్పటికే జాజ్ మీద గ్రంథాలకు కొదవలేదు. అయితే వాటిలో ఎక్కువభాగం వాయించినవాళ్ళు రాసినవి కావు, విన్నవాళ్ళు రాసినవి. విన్నవాళ్ళలో ఎక్కువమంది తెల్లవాళ్ళు, వాయించినవాళ్ళలో మొనగాళ్ళు చాలావరకు నల్లవాళ్ళు. ఈ తేడాను కవి లెరాయ్ జోన్స్ (తరువాత అమీరి బరాకా అని పేరు మార్చుకున్నాడు) 1963లోనే ఒక వ్యాసంలో ఎత్తిచూపాడు. టేలర్ వాదన జోలికి పోలేదు. తోటివాణ్ణి కూర్చోబెట్టి అడిగాడు. ఎలా సాధన చేస్తావు? చార్లీ పార్కర్ గురించి ఏమనుకుంటావు? విమర్శకులు రాసింది చదువుతావా? "జాజ్" అనే మాట నీకు ఇష్టమేనా?

ఈ చివరి ప్రశ్న దగ్గర చాలామందికి కడుపులో ఉన్నది బయటికొచ్చింది. ఆ మాట వాళ్ళు పెట్టుకున్నది కాదు. న్యూ ఆర్లియన్స్ నల్లవాళ్ళ వీధుల్లో పెరిగిన ఈ సంగీతానికి మొదటి జాజ్ రికార్డుగా లెక్కకొచ్చినది 1917లో వెలువడింది. వాయించినది ఒరిజినల్ డిక్సీలాండ్ జాస్ బ్యాండ్ అనే తెల్లవాళ్ళ బృందం. "ఒరిజినల్" అన్న మాట కూడా వాళ్ళ పేరులోనే చేరిపోయింది! డ్రమ్ము విద్వాంసుడు మాక్స్ రోచ్‌కు జాజ్ అంటే చీకటి గదులు, తక్కువ కూలి, చిన్నచూపు. తన సంగీతాన్ని ఆ పేరుతో పిలవవద్దన్నాడు. కొందరికి మాత్రం ఆ పేరుతో పేచీ లేదు.

వాళ్ళ కోపానికి కారణం లేకపోలేదు. 1961లో "డౌన్‌బీట్" పత్రిక విమర్శకుడొకడు కోల్ట్రేన్, ఎరిక్ డాల్ఫీ కలిసి వాయిస్తున్నది జాజ్‌కు విరుద్ధమైనదని ముద్ర వేశాడు. మరుసటి ఏడు ఆర్నెట్ కోల్మన్ "ఫ్రీ జాజ్" రికార్డును అదే పత్రిక ఇద్దరికి ఇచ్చి సమీక్ష రాయిస్తే, ఒకరు అయిదు నక్షత్రాలు ఇచ్చారు, రెండోవారు ఒక్కటీ ఇవ్వలేదు. 1965లో పులిట్జర్ సంగీత నిర్ణేతలు డ్యూక్ ఎల్లింగ్టన్‌కు ప్రత్యేక గౌరవం ఇమ్మని సిఫారసు చేస్తే పైమండలి తోసిపుచ్చింది. నిర్ణేతల్లో ఇద్దరు రాజీనామా చేశారు. అప్పటికి ఎల్లింగ్టన్ వయసు 66. అతను 1974లో పోయాడు. ఆ గౌరవం 1999లో వచ్చింది.

ఇంతవరకు చదివి, వాయించినవాడు చెప్పిందే వేదం అనుకుంటే పొరపాటే. నేనూ మొదట అలాగే అనుకున్నాను. ఈ పుస్తకమే నా భ్రమ తీర్చింది. ఈ సంగీతానికీ ఆఫ్రికాకూ ఏ సంబంధమూ లేదని, అమెరికా లేకపోతే ఇది లేదని ఆర్ట్ బ్లేకీ ఖండితంగా చెబుతాడు. అదే పుస్తకంలో పియానో వాద్యకారుడు రాండీ వెస్టన్ మూలాలన్నీ ఆఫ్రికాలోనే ఉన్నాయంటాడు. ఆ నమ్మకంతో మొరాకో వెళ్ళి కొన్నేళ్ళు కాపురమున్నవాడు ఆయన. ఇద్దరూ మహావిద్వాంసులే, ఇద్దరూ నల్లవాళ్ళే. మరి చరిత్ర ఎవరివైపు?

తోటివాళ్ళ మీద వాద్యకారుల తీర్పులు కూడా ఏమంత మెత్తనివి కావు. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1940ల చివర బీబాప్ కుర్రాళ్ళను బాహాటంగా ఈసడించాడు. 1964లో ఒక విమర్శకుడు, ఎవరిదో చెప్పకుండా రికార్డులు వేసి మైల్స్ డేవిస్ అభిప్రాయం అడిగితే, డాల్ఫీ వాద్యాన్ని కటువుగా తిట్టిపోశాడు. ఆ ఏడాది జూన్ నెలాఖరున డాల్ఫీ బెర్లిన్‌లో కన్నుమూశాడు, 36 ఏళ్ళకే. ఏ పత్రికా విమర్శకుడూ అంతకన్న కఠినంగా మాట్లాడి ఉండడు.

అయినా టేలర్ పుస్తకం విలువ తగ్గదని నా అభిప్రాయం. అందులోవాళ్ళు చెప్పినదంతా నిజమని కాదు, వాళ్ళు చెప్పినది మరోచోట దొరకదని. కూలి ఎంత, చేతులకు నొప్పి ఎక్కడ, ఎవరు ఎవరి దగ్గర ఏ కిటుకు పట్టారు, ఎవరిని చూస్తే భయం. ఇవి వింటున్నవాడికి తెలియవు. బ్లేకీ, వెస్టన్ ఇద్దరి మాటలూ పక్కపక్కన పెట్టి, తన తీర్పు రుద్దకుండా ఊరుకున్నాడే టేలర్, అదీ చరిత్రకారుడి లక్షణం.

ఈ కథ అమెరికాది. కానీ దాని తోక మా ఊళ్ళోనూ ఉంది. 1935లో లియాన్ ఆబీ అనే నల్లజాతి వాద్యకారుడు తన బృందంతో ముంబయి తాజ్‌మహల్ హోటల్‌కు వచ్చాడు. ఆ తరువాత టెడ్డీ వెదర్‌ఫర్డ్ వచ్చి పియానో వాయించాడు. వాళ్ళ దగ్గర విని, వాళ్ళతో కలిసి వాయించి గోవా కళాకారులు జాజ్ నేర్చారు. వాళ్ళే తరువాత హిందీ సినిమా పాటలకు వాద్యబృందం కూర్చారు. తెరమీద మాత్రం సంగీత దర్శకుల పేర్లే వెలిగాయి. ఆంథొనీ గొన్సాల్వెస్ అనే వయొలిన్ గురువు పేరు దేశానికంతా తెలిసింది శిష్యుడు ప్యారేలాల్ పుణ్యాన, "అమర్ అక్బర్ ఆంథొనీ" పాటలో. టేలర్ పుస్తకం వచ్చిన 1977లోనే ఆ సినిమా వచ్చింది. ముంబయి సినిమా వాద్యకారులను కూర్చోబెట్టి అడిగి గ్రెగరీ బూత్ పుస్తకం రాసింది 2008లో. అప్పటికి ఎంతమంది పోయారో!

తాజ్ హోటల్ నుంచి కామాఠిపుర ఎంతో దూరం లేదు. నిజాం ఇలాకా నుంచి కూలికి వచ్చిన మన తెలుగువాళ్ళ పేరుమీదే ఆ పేట పేరు. "కామాఠి" అన్నది ఇతరులు మనల్ని పిలిచిన మాట. ఆ పేట పేరు చెబితే ఊరందరికీ మరేదో గుర్తొస్తుంది గాని, దాన్ని కట్టిన మేస్త్రీలు గుర్తురారు. మాక్స్ రోచ్ బాధ నాకు బోధపడింది ఇక్కడే.

మా మామ పోయి చాలాకాలమైంది. గోవా మాస్టారి పేరేమిటి, నొటేషన్ మొదటిరోజు ఎలా చెప్పాడు, బారాతులో నాలుగు గంటలు ఊదాక పెదాలు ఏమవుతాయి, ఏ పాట వాయించడం అతనికి ఇష్టం, ఏది అసహ్యం? పత్రికవాళ్ళ మీద ఇన్నేళ్ళు కోపం పెట్టుకున్నాను. లెక్క చూసుకుంటే, అతనితో ఒకే ఇంట్లో పెరిగిన నేనూ అవేవీ అడగలేదు. టేలర్‌కు బరువైన టేపురికార్డరు మోయవలసి వచ్చింది. మన జేబుల్లో ఫోనులున్నాయి. మీ ఇంట్లో ఇంకా ఒక మామ ఉంటే, ఈ పూటే వెళ్ళి పక్కన కూర్చోండి.