ఆపమని చెప్పేవారి చదువు

పొద్దున్నే పాలు పొంగేవేళకి మా సైనిక్‌పురి మీదుగా ఇ.సి.ఐ.ఎల్. వైపు డ్యూటీ బస్సులు వెళుతుంటాయి. వంటింటి తొందరలో వాటిని ఎవరు పట్టించుకుంటారు చెప్పండి! 1967లో వచ్చిన ఇ.సి.ఐ.ఎల్.లో అణు రియాక్టర్లను అదుపుచేసే ఎలక్ట్రానిక్ పరికరాలు చేస్తారు. 1971లో పక్కనే వచ్చిన అణు ఇంధన సముదాయంలో యురేనియం ఇంధనం తయారవుతుంది. ఎ.ఎస్. రావు నగర్‌లో కూరలు బేరమాడే మనం, ఆ పేరుగల అయ్యగారి సాంబశివరావుగారు మోగల్లులో పుట్టి ఇ.సి.ఐ.ఎల్.ను నిలబెట్టిన శాస్త్రజ్ఞుడని ఎప్పుడైనా తలచుకున్నామా?

ఈమధ్య మా పక్కింటి అమ్మాయి ఇంజనీరింగు పూర్తిచేసి, అణు భద్రతను తనిఖీ చేసే ఉద్యోగానికి దరఖాస్తు పెడతానంది. వాళ్ళమ్మేమో, "కట్టే ఉద్యోగం చూసుకోవే, తప్పులు పట్టే ఉద్యోగమెందుకు, అందరిచేతా మాటలు పడాలి" అంది. నేను మెట్రిక్ చదివినదాన్నే. అయినా ఆ మాట నన్ను వదల్లేదు.

కట్టేవారి చదువు గురించి మన పెద్దలు చాలా ముందే ఆలోచించారు. దేశంలో ఒక్క రియాక్టరైనా లేని 1944లోనే హోమీ భాభా టాటా ట్రస్టుకు ఉత్తరం రాశారు. రెండు దశాబ్దాల తర్వాత అణువిద్యుత్తు వచ్చేనాటికి నిపుణులకోసం విదేశాలవైపు చూడకూడదు, ఇక్కడే సిద్ధంగా ఉండాలని దాని సారాంశం. 1956 ఆగస్టులో 'అప్సర' రియాక్టరు పనిచేసింది. మరుసటి యేడే ట్రాంబేలో శిక్షణ పాఠశాల తెరిచారు. ముందుచూపంటే అదీ!

మరి తనిఖీ చేసేవారో? చాలాకాలం శాఖలోని కమిటీలే ఆ పని చూశాయి. అణుశక్తి నియంత్రణ మండలి ఏర్పడింది 1983 నవంబరు 15న. శిక్షణ పాఠశాల పెట్టిన ఇరవై ఆరేళ్ళకన్నమాట!

ఈలోగా 1979 మార్చిలో అమెరికాలోని త్రీ మైల్ ఐలాండులో ప్రమాదం జరిగింది. మన కుక్కరుకు వెయిట్ ఉన్నట్టే అక్కడ ఒత్తిడి తగ్గించే వాల్వు ఒకటుంది. తెరుచుకుంది గాని తిరిగి మూసుకోలేదు. ఆపరేటర్ల ముందున్న దీపం మాత్రం వాల్వు మూతపడినట్టే చూపించింది. నిజానికి ఆ దీపం చెప్పేది మూతపడమని ఆజ్ఞ వెళ్ళిందని మాత్రమే! నీరు తరిగిపోతున్నా నిండుగా ఉందనుకొని, అత్యవసరంగా లోపలికి వస్తున్న నీటిని తగ్గించారు. ఇంధనంలో కొంతభాగం కరిగిపోయింది. దీపాన్ని నమ్మకూడని వేళ ఏదో తెలియటానికీ చదువు కావాలి కదూ!

మన నరోరాలో, 1993 మార్చి 31 తెల్లవారుజామున, టర్బైను రెక్కలు విరిగి మంటలు లేచాయి. కేబుళ్ళు కాలి, సుమారు పదిహేడు గంటలు ఆ యూనిట్‌లో కరెంటు లేదు. ఆపరేటర్లు టార్చిలైట్లు పట్టుకొని పైకెక్కి, వాల్వులు చేత్తో తిప్పి బోరాన్ ద్రావణం వదిలారు, రియాక్టరు మళ్ళీ రాజుకోకుండా. అణుధార్మికత బయటికి రాలేదు. ఆ చీకట్లో వాళ్ళను నడిపించింది శిక్షణే. కాని కేబుళ్ళను మంట అంటకుండా విడివిడిగా వేయలేదేమని ముందే అడిగి, పని ఆపించగలవాళ్ళుంటే ఆ మెట్లెక్కే అవసరమే రాకపోను!

అలాంటివాళ్ళు ఒక్కయేడులో తయారవరు. యంత్రం లోతుపాతులు తెలియాలంటే యంత్రం దగ్గర పనిచేసి ఉండాలి. అక్కడివాళ్ళతోనే కలిసి చదివినవాళ్ళు రేపు వాళ్ళకే అడ్డుచెప్పాలి. మొహమాటం మనకొక్కళ్ళకే ఉంటుందా? కల్పాక్కంలో 1999లో మండలి సొంతంగా భద్రతా పరిశోధన సంస్థ పెట్టుకోవడం ఇందుకే మంచిపని అంటాను. మండలి స్వతంత్రత చాలదని 2012లో కాగ్ నివేదిక కూడా ఎత్తిచూపింది.

ఇంకో లెక్క చూడండి. తారాపూర్ మొదటి రియాక్టర్లు 1969లో కరెంటివ్వడం మొదలుపెట్టాయి. ఆనాడు ఇరవై రెండేళ్ళకు చేరినవాడికి 2007కి అరవై నిండాయి. రియాక్టర్లకేమో యాభై దాటాయి. ఆయనకు తెలిసినదంతా ఎవరికి అప్పగించి వెళ్ళినట్టు? వారసుణ్ణి పదవీవిరమణనాడు వెతికితే దొరకడు. పదేళ్ళముందే పక్కన కూచోబెట్టుకోవాలి.

ఈ లెక్కంతా పక్కింటావిడకు చెప్పాను. "అయితే మాటలు పడటానికి కూడా ట్రైనింగిస్తారా పిన్నీ?" అని నవ్వింది కూతురు. దరఖాస్తు మాత్రం వాళ్ళమ్మే పోస్టులో వేసి వచ్చింది.