కల్లు తిరిగొచ్చింది, పన్ను పోలేదు

హోటల్ బిల్లు చివర్లో సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీ అని రెండు వరుసలుంటాయి. వాటిని చదివేవాళ్లు తక్కువ, కట్టేవాళ్లం అందరం. ఆ వరుసలకి ముత్తాతలాంటి చట్టం 1939లో మద్రాసులో పుట్టింది. దాని పుట్టుకకి కారణం కల్లు.

1937లో రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టింది. మరుసటేడు మన చిత్తూరు, కడప జిల్లాలకి విస్తరించింది. కల్లు, సారా దుకాణాలు మూతపడేకొద్దీ అబ్కారీ రాబడి తగ్గుతూ వచ్చింది. ఆ గండి పూడ్చడానికి తెచ్చిందే మద్రాసు జనరల్ సేల్స్ టాక్స్ చట్టం. అంతకుముందు మధ్యపరగణాల్లో పెట్రోలు అమ్మకం మీద పన్ను వేశారు గానీ, దాదాపు అన్ని సరుకుల మీదా వేయడం దేశంలో ఇదే మొదలు.

రేటు చూస్తే చిన్నదే. ఏడాదికి 10,000 రూపాయల లోపు వ్యాపారానికి పన్ను లేదు. 20,000 దాకా నెలకి 5 రూపాయలు. అది దాటితే నూటికి అర్ధరూపాయి. మరి వర్తకులు ఎందుకంత గట్టిగా వ్యతిరేకించారు?

పన్ను లాభం మీద కాదు, అమ్మకం మీద. నష్టమొచ్చిన ఏడూ కట్టాల్సిందే. పైగా సరుకు చేతులు మారిన ప్రతిసారీ కట్టాలి. టోకు వ్యాపారి దగ్గర ఒకసారి, చిల్లర కొట్టు దగ్గర ఇంకోసారి. అన్నిటికీ మించి, ఇంటి గుట్టులా దాచుకునే చిట్టా పుస్తకాన్ని సర్కారు ఉద్యోగి ముందు తెరిచి పెట్టాలి. ఇక కొనేవాడి వైపు నుంచి చూస్తే, ఎన్నడూ కల్లు ముట్టనివాడు కూడా ఇంకొకరి తాగుడు మాన్పించడానికి ఉప్పూ పప్పూ కొన్నప్పుడల్లా చెల్లించుకోవాలి.

ఈ గొడవ కోర్టుకీ ఎక్కింది. బొడ్డు పైడన్న అండ్ సన్స్ అనే తెలుగు వ్యాపార సంస్థ వాదన ఇది: తయారుచేసినవాడి తొలి అమ్మకం మీద పన్నంటే అది ఎక్సైజ్ సుంకమే, దాన్ని వేసే హక్కు కేంద్రానిదే. 1942లో ఫెడరల్ కోర్టు ఆ వాదనని కొట్టేసింది. పన్ను తయారీ మీద కాదు, అమ్మకం మీద అంది. ఆ తీర్పుతో రాష్ట్రాల చేతికి గట్టి ఆదాయ మార్గం దొరికింది. అప్పటికే బెంగాల్, పంజాబ్ ఆ దారి పట్టాయి.

అసలు తమాషా ఆ తర్వాత జరిగింది. 1939 చివర్లో కాంగ్రెస్ మంత్రివర్గం రాజీనామా చేసింది. యుద్ధకాలంలో గవర్నర్ పాలన మద్యనిషేధాన్ని పక్కన పెట్టింది. కల్లు తిరిగొచ్చింది. దాని బదులు వచ్చిన పన్ను మాత్రం కదల్లేదు. 1997లో ఆంధ్రప్రదేశ్ మద్యనిషేధాన్ని ఎత్తేసినప్పుడు కూడా తేలింది అదే లెక్క: ఖజానాకి రెండూ కావాలి.

వర్తకుల వ్యతిరేకతలో స్వార్థం లేదని కాదు. కానీ ఒక మంచి పని పేరుతో వచ్చిన పన్ను, ఆ పని ఆగిపోయాక వెనక్కి వెళుతుందా అనే ప్రశ్న మాత్రం నిలిచే ఉంది. 2017లో జీఎస్‌టీ వచ్చింది. తాగే మద్యాన్ని మాత్రం రాష్ట్రాలు అందులో కలవనివ్వలేదు.