హోల్డ్: మంద నుంచి మాదాపూర్ దాకా

‘హోల్డ్’ అంటే పట్టుకోవడం. దీనికి చుట్టమైన, గోతిక్ అనే పాత జర్మానిక్ భాషలోని మాట ‘హాల్డన్’కు మాత్రం పశువులను కాయడమని అర్థం. మంద చెదిరిపోకుండా చూడడమే మెల్లగా పట్టుకోవడం అయి ఉంటుందన్నమాట.

1998లో సైబర్ టవర్స్ అనే ఐటీ భవనం తెరుచుకున్న మాదాపూర్‌లో ఈ క్రియ తెలుగులో నామవాచకంలా కుదురుకుంది. ‘కాల్ హోల్డ్‌లో పెట్టాడు’ అంటే అవతలివాళ్లు సంగీతం వింటూ కూర్చోవాల్సిందే. ‘ప్రాజెక్టు హోల్డ్‌లో ఉంది’ అంటే ఆగింది, రద్దు కాలేదు. ఆ సందిగ్ధానికి ఇంత పొట్టి మాట మరొకటి దొరకదు. అదే అక్కడి ఉద్యోగి హైటెక్ సిటీ మెట్రోలో కడ్డీని హోల్డ్ చేయడు, పట్టుకుంటాడు. చేతికి తగిలేదానికి తెలుగే.

కాపలానూ ఎదురుచూపునూ కలిపిన క్రియ తెలుగులోనూ ఉంది: గొర్రెలను కాస్తారు, మనిషి కోసం కాచుకుంటారు.