ధరాసనలో లెక్కపెట్టిన విలేఖరి

ఉద్యమాలు చేసేవాళ్ళందరిదీ ఒకటే ఫిర్యాదు. పత్రికలు మన గురించి రాయవు, రాసినా వక్రీకరిస్తాయి అని. మన హేతువాదులు కూడా ప్రతి సమావేశంలోనూ ఈ మాట అంటారు. అది విన్నప్పుడల్లా నాకు 1930 నాటి ధరాసన గుర్తొస్తుంది.

దండి యాత్ర సంగతి అందరికీ తెలిసిందే. ఏప్రిల్ 6న ఉప్పు తీసిన గాంధీని మే నెల మొదట్లో అరెస్టు చేశారు. మే 21న సరోజినీ నాయుడు నాయకత్వంలో సుమారు 2,500 మంది గుజరాత్‌లోని ధరాసన ఉప్పు కొఠారు మీదికి వెళ్ళారు. పోలీసులు లాఠీలతో తలలు పగలగొట్టారు. ఒక వరస పడిపోతే ఇంకో వరస ముందుకు నడిచింది. ఒక్కరూ చెయ్యి ఎత్తలేదు.

అమెరికాకి చెందిన యునైటెడ్ ప్రెస్ విలేఖరి వెబ్ మిల్లర్ అక్కడే ఉన్నాడు. గాయపడినవాళ్ళని పడుకోబెట్టిన పాక దగ్గరికి వెళ్ళి స్వయంగా లెక్కపెట్టాడు. గాయపడినవారు 320 మంది, చనిపోయినవారు ఇద్దరు. ఆయన టెలిగ్రాములని ప్రభుత్వం తొక్కిపెట్టింది. అవసరమైతే విమానంలో పర్షియా వెళ్ళి అక్కణ్ణించి పంపిస్తానని మిల్లర్ బెదిరించాక గాని అవి కదల్లేదు. ఆ వార్త చివరికి అమెరికన్ సెనేట్ రికార్డులకి కూడా ఎక్కింది.

నేను రక్షణ శాఖ ఎకౌంట్స్‌లో పనిచేసి రిటైరయినవాణ్ణి. స్టాక్ వెరిఫికేషన్ అంటే లెడ్జరు చూసి సంతకం పెట్టడం కాదు, గోడౌన్‌లోకి వెళ్ళి ఎంచడం. మిల్లర్ చేసింది అదే. కాంగ్రెస్ వారిచ్చిన అంకె రాసుంటే సర్కారు దాన్ని ప్రచారం అని కొట్టిపారేసేది. సర్కారు అంకె రాసుంటే ఉద్యమం నష్టపోయేది.

ఇంకో సంగతి. చూస్తున్న జనం ఆవేశంతో ఊగిపోతుంటే ఆపడానికి నాయకులు నానా తంటాలు పడ్డారనీ రాశాడు. కొట్టే పోలీసుల మీద ఎంత కోపం వచ్చిందో, ఎదురు తిరగకుండా దెబ్బలు తింటున్నవాళ్ళ మీదా దాదాపు అంత కోపం వచ్చిందని తరవాత తన పుస్తకంలో ఒప్పుకున్నాడు. అదీ, ఉద్యమం పట్ల సానుభూతితో వచ్చిన మనిషి! కాంగ్రెస్ ప్రచారకుడెవరూ ఈ మాటలు రాయడు. ఇవి రాశాడు కాబట్టే ఆ 320 నేను నమ్ముతాను.

సరే, పరాయి విలేఖరి నుంచి నిజాయితీ ఆశిస్తాం. మరి ఉద్యమం సొంత పత్రిక మాటేమిటి?

1934 జనవరి 15న బీహార్‌లో పెద్ద భూకంపం వచ్చింది. అది అస్పృశ్యతా పాపానికి దేవుడు వేసిన శిక్ష అన్నాడు గాంధీ. మనలాంటి వాళ్ళకి ఒళ్ళు మండే మాట. ఠాగూర్ ఖండిస్తూ ప్రకటన రాసి పంపితే, అస్పృశ్యతా నిర్మూలన కోసమే పెట్టిన ‘హరిజన్’ పత్రికలో గాంధీ దాన్ని అచ్చు వేశాడు. పక్కన తన జవాబూ వేసుకున్నాడు, నమ్మకం మాత్రం మార్చుకోలేదు. ఆ వాదనలో మనం ఠాగూర్ పక్షమే, అనుమానం లేదు. కాని మన సంఘాల పత్రికల్లో మనల్ని ఖండించే ఉత్తరాలు ఏడాదికి ఎన్ని వేస్తున్నాం?