తలంటు కథ

మదనపల్లె, పుంగనూరు, కుప్పము అను మూడు పట్టణములును రాయలసీమ దక్షిణపు కొసన, మిట్టనేలపైన వెలసినవి. ఈ సీమకు జీవనది లేదు. రాతినేలను తొలిచిన బావులును, వందల అడుగుల లోతు గల గొట్టపుబావులును ఇచ్చట ప్రజల దాహము తీర్చుచు వచ్చినవి. అట్టి నీరు పలుచోట్ల కఠినజలము. పప్పు త్వరగా ఉడకదు. సబ్బు సులువుగా నురుగదు. ఆ నీటితో తల రుద్దుకొను ఇల్లాండ్రకు నేడొక చిక్కు వచ్చిపడినది. షాంపూ పెట్టిన జుట్టు పీచువలె బిరుసెక్కుచున్నది. దానిని మెత్తపరచుటకై కండిషనర్ పూసినచో, సన్నని జుట్టు మాడున కంటుకొనిపోయి, మరునాటికే జిడ్డుదేరుచున్నది. "కండిషనర్ మాకు పడదు, మరి యేమి చేయవలెను?" అను ప్రశ్న మా యింటను వినబడినదే. దీనికి సమాధానము వెదకుటకు కొంత చరిత్ర తిరుగవేయక తప్పదు.

మొదట షాంపూ అను మాటనే చూడుడు. అది విదేశపు మాట కాదు. హిందీలో 'చాంపో' యనగా ఒత్తుము, పిసుకుము అని యర్థము. 18వ శతాబ్దమున ఇచ్చటి యాంగ్లేయులు దానిని తమ భాషలో చేర్చుకొనిరి. పాట్నాలో 1759లో జన్మించిన షేక్ దీన్ మహమ్మదు ఇంగ్లండునకు పోయి, బ్రైటన్ పట్టణమున ఆవిరిస్నానశాలను నెలకొల్పి, ఒళ్లుపట్టు విద్యచే పేరు గడించెను. 1822లో ఆ విద్యను గూర్చి గ్రంథమును ప్రకటించెను. నాలుగవ జార్జి, నాలుగవ విలియము రాజుల కొలువున 'షాంపూ వైద్యుడు'గా గౌరవమందెను. తల కడుగుకొనుట యను అర్థము ఆ మాటకు 19వ శతాబ్దపు ఉత్తరార్ధమున గాని రూఢికాలేదు. మన దేశమునుండి చేతిపనిగా వెడలిన మాట, సీసాలోని సరకుగా మనకు తిరిగివచ్చినది!

మన తలంటు మాత్రము ఏనాడును ఒక్క సరకు కాదు. అది యొక క్రమము. చరక, సుశ్రుత సంహితలు రెండును తలకు నూనె రాచుటను నిత్యకృత్యములలో చెప్పినవి. 12వ శతాబ్దమున చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుని పేర వెలువడిన 'మానసోల్లాసము' స్నానభోగమునకు ప్రత్యేక ప్రకరణమునే కేటాయించినది. రాజుల మాట యట్లుండ, మెట్టపొలముల నువ్వులు, ఆముదములు పండు ఈ సీమలోని సామాన్య గృహములందును ఆ క్రమమే నడచినది. ముందు నూనె, గంటయో రెండు గంటలో విరామము, పిమ్మట కుంకుడురసమో సీకాయపొడియో, తుదకు సాంబ్రాణి పొగ. మెంతులు నానబెట్టి రుబ్బిన ముద్ద, మందారాకుల జిగురు, అన్నము వార్చిన గంజి మొదలగునవి జుట్టును మెత్తపరచుటకు ఏర్పడిన ఉపాయములు. కండిషనర్ చేయు పనిని మన పెద్దలు ఎరుగకపోలేదు. దానిలో అధికభాగమును తల కడుగుటకు ముందే ముగించెడివారు.

కుప్పము ప్రాంతము ఒకనాటి కంగుంది జమీందారీ. ఒకవైపు కన్నడసీమ, ఒకవైపు తమిళసీమ. సంతలో నిలబడి విన్నచో ఒక్క కాయకే మూడు పలుకులు వినబడును. మన సీకాయ, కన్నడిగుల సీగేకాయి, తమిళుల శీయక్కాయ్. భాషలు మారినను తలకుపోసుకొను తీరు మారలేదు. కుంకుడు పేరులోను విశేషమున్నది. సంస్కృతమున దీనికి 'ఫేనిల' మను పేరు, అనగా నురుగు గలది. పాశ్చాత్య వృక్షశాస్త్రజ్ఞులు పెట్టిన 'సపిండస్' అను పేరునకు 'భారతదేశపు సబ్బు' అని యర్థము. ఇరువురును ఒక్క గుణమునే చూచి పేరు పెట్టిరి.

మదనపల్లె చేరువనున్న నీరుగట్టువారిపల్లె పట్టుచీరల నేతకు ప్రసిద్ధి. ఈ పనిలో తలంటును బోధించు పాఠమొకటి కలదు. ముడిపట్టుపై నుండు బంకను తొలగించుటకు దారమును సబ్బు, సోడా కలిపిన నీట ఉడికింతురు. అది యొక్కసారి చేయవలసిన పని. నేసిన చీరను మాత్రము అట్టి ఘాటైన నీట ముంచరు. కుంకుడురసముతో మెల్లగా జాడింతురు. పట్టును, వెంట్రుకయు రెండును మాంసకృత్తులతో నేర్పడిన పోగులే. వెంట్రుక పైన చేపపొలుసులవంటి సన్నని పొరలుండును. క్షారగుణము గల సబ్బు తగిలినచో ఆ పొలుసులు పైకి లేచి, పోగులు చిక్కుపడును. కుంకుడు, సీకాయల రసములు స్వల్పముగా ఆమ్లగుణము గలవి. వాటిలో నురుగు పుట్టించు సాపోనిను అను పదార్థము, కఠినజలమున సబ్బువలె తెట్టుకట్టదు. నీరు చవుడైనను పని చేయును. మన సీమలో ఈ కాయలు శతాబ్దములు నిలుచుటకు ఇది ముఖ్యకారణము.

కండిషనర్ వెనుకను ఒక చరిత్ర కలదు. 1900 ప్రాంతమున పారిస్ నగరమున మగవారి జుట్టును, మీసములను మెరిపించుటకు 'బ్రిలియంటీన్' అను నూనెసరకు ప్రసిద్ధికెక్కినది. తరువాత రసాయనశాస్త్రము ముందంజ వేసి, ధనావేశము గల పదార్థములను కనిపెట్టెను. అరిగిన వెంట్రుకపై ఋణావేశము హెచ్చుగా నుండును. ఆ పదార్థము దానికి అంటుకొని నున్నదనము కలిగించును. ఎండకు, రంగులకు పొడిబారిన ముతకజుట్టునకు ఇది మేలే. సన్నని జుట్టునకు ఆ పూత బరువు. సహజముగా జిడ్డూరు మాడునకు అనవసరము. కండిషనర్ పడకపోవుట జుట్టు దోషము కాదని దీనివలన తెలియుచున్నది.

1983లో తమిళనాడులోని కడలూరున సి.కె. రంగనాథన్ నెలకొల్పిన సంస్థ, చిక్ షాంపూను చిన్న పొట్లములలో అమ్మి పల్లెలకు చేర్చినది. కాయలు కొట్టి, గింజలు తీసి, నానబెట్టి, వడగట్టు శ్రమ తప్పినది. బడికి, ఉద్యోగమునకు పరుగెత్తు స్త్రీకి ఆ వెసులుబాటు చిన్నది కాదు, దానిని నిందింపరాదు. ఐతే పొట్లముతోపాటు క్రమము జారిపోయినది. నూనె లేదు, విరామము లేదు, నీటిని గూర్చిన యోచన లేదు. పాతక్రమములో ముందే జరిగిన పనిని, కడపట కండిషనర్‌పై మోపితిమి.

పుంగనూరున మా మేనత్త యొకామె యుండెడిది. శుక్రవారము నాడు పిల్లలము కుంకుడురసము కండ్లబడి గోలపెట్టుచున్నను, ఆమె తొందరపడెడిది కాదు. వానాకాలమున చూరునీరు పట్టియుంచి కడపటి చెంబులకు వాడెడిది. ఎండాకాలమున బావినీటిలో నిమ్మరసము పిండెడిది. "ముందు నీళ్ళు చూడాల, ఆపైన వెంట్రుకలు చూడాల, కడాన కాయ యెంతో చూడాల" అనెడిది. ఆమెకు రసాయనశాస్త్రము రాదు. పలుచని నిమ్మనీరు వెంట్రుకల నంటిన సున్నపు లవణములను కొంత వదలించునని శాస్త్రము చెప్పుటను నేను చాలకాలమునకు చదివితిని.

పాతదంతయు మేలని నా వాదము కాదు. కుంకుడు చిక్కనైనచో జుట్టును ఎండగట్టును, కంటికి హాని. చుండ్రు గల మాడుపై నూనె నిలువయుంచినచో చుండ్రు హెచ్చవచ్చును, ఏలయన దానికి తోడ్పడు శిలీంధ్రము కొవ్వునే ఆహారము చేసికొనును. జుట్టు కుచ్చులుగా రాలుచున్నచో వైద్యుని చూడవలెను. ఇక నూనె సంగతి. కడుగుటకు ముందు రాచిన కొబ్బరినూనె, వెంట్రుకలోని మాంసకృత్తుల నష్టమును తగ్గించునని 2003లో మన దేశపు పరిశోధకులు ప్రకటించిరి. మాడును వదలి, కొనలకు కొద్దిగా రాచినను చాలును.

మా అమ్మాయికి నేను చెప్పినదిదే. కండిషనర్ మానుము. వారమునకొకసారి కొనలకు నూనె రాచి గంటసేపుంచుము. పలుచని కుంకుడురసముతో గాని, కొద్దిపాటి షాంపూతో గాని మాడును మాత్రమే రుద్దుము. కడపటి చెంబులో నాలుగు చుక్కలు నిమ్మరసము వేయుము. జుట్టు గట్టిగా తుడువక నీడన ఆరనిమ్ము. నెలదినములు చేసి, నీ జుట్టేమనునో చూడుము. ఆమె నవ్వి, "ఇది మేనత్తమ్మ మాటే కదా నాయనా!" అన్నది. అవును, ఆ మాటే. మేనత్త చెంబు లేదు, ఆ బావి యెండిపోయినది. నీటిని, జుట్టును చూచి కాయ నిర్ణయించు తెలివి మాత్రము మిగిలియున్నది.