ఒకే విమానం, మూడు తరాల సంతకాలు

2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మన వాయుసేన మిగ్-21కు వీడ్కోలు పలికింది. 1963లో చేరిన ఆ విమానం 62 ఏళ్ళు కొలువు చేసింది. దాని విజయాల గురించి, ప్రమాదాల గురించి చాలామంది రాశారు. నేను రాయదలచుకున్నది దాని కింద నిలబడి పనిచేసిన మనుషుల గురించి. ‘ఈ కాలం కుర్రాళ్ళకు ఓపిక లేదు’ అని పెద్దలు, ‘ఈ పాతవాళ్ళు మారరు’ అని కుర్రాళ్ళు అనుకోవడం ప్రతి యూనిట్‌లోనూ ఉన్నదే. ఈ తేడా స్వభావంలో ఉందా, పరిస్థితుల్లో ఉందా అన్నదే నా ప్రశ్న.

మొదటి తరం వారు బ్రిటిష్ పద్ధతిలో తయారైనవారు. వాంపైర్, హంటర్, నాట్ లాంటి విమానాల మీద చేయి తిరిగినవారు. వారి స్పానర్లు అంగుళాల లెక్కవి, మాన్యువళ్ళు ఇంగ్లీషువి. మిగ్ రాగానే అన్నీ మిల్లీమీటర్లు, పరికరాల మీద రష్యన్ అక్షరాలు! పైలట్లు, సాంకేతిక సిబ్బంది సోవియట్ యూనియన్ వెళ్ళి శిక్షణ పొంది వచ్చారు. ఆ జట్టుకు నాయకత్వం వహించిన దిల్బాగ్ సింగ్ 28వ స్క్వాడ్రన్‌కు కమాండింగ్ ఆఫీసరై, 1981లో వాయుసేనాధిపతి అయ్యారు. ఇరవై ఏళ్ళుగా చేతికి అలవాటైన పనిని పక్కనపెట్టి మళ్ళీ అక్షరాభ్యాసం చేసుకున్నది ఆ తరమే. కాబట్టి పాతవాళ్ళు మారరన్నది చరిత్రకు నిలవని మాట.

నేను 1976లో ఎయిర్‌మన్‌గా చేరి, ఇంజన్ ఫిట్టర్‌గా ఫ్లైట్ లైన్‌కు వచ్చేసరికి మిగ్ కొత్త వింత కాదు. నాసిక్‌లో విమానం, కోరాపుట్‌లో ఇంజన్, మన హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ పరికరాలు హెచ్.ఎ.ఎల్. తయారుచేస్తోంది. 1971 డిసెంబరు 14న ఢాకా గవర్నర్ భవనం మీద రాకెట్లు కురిపించినవి మిగ్-21లే. అలాంటి యుద్ధానికి విమానాలు సిద్ధం చేసిన చేతులే మాకు స్పానర్ పట్టుకోవడం నేర్పాయి. పని అయ్యాక పనిముట్లు ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టించేవారు. ఒక్క స్క్రూడ్రైవర్ కనబడకపోతే విమానం కదలనిచ్చేవారు కాదు. మాకది చాదస్తంగా తోచేది. ఇన్‌టేక్‌లో మిగిలిపోయిన చిన్న బోల్టు ఇంజన్‌ను ఏం చేస్తుందో చూశాక మాత్రం ఎవరూ నవ్వలేదు.

మూడో తరం 2000 తర్వాత బైసన్‌తో వచ్చింది. పాత మిగ్-21 బిస్‌కు కొత్త రాడార్, హెల్మెట్‌తో గురిపెట్టే సాధనం, డిజిటల్ పరికరాలు అమర్చారు. అప్పటికి నేను వారంట్ ఆఫీసర్‌ని. కంప్యూటర్ ముందు కూర్చోడానికి జంకుతుంటే, నా కొడుకు వయసున్న ఒక తెలుగు కార్పొరల్ “ఇక్కడ నొక్కండి సార్, ఏం పాడవదు” అని ధైర్యం చెప్పేవాడు. ఇంజన్ ఆపేశాక అది పూర్తిగా నిలిచేదాకా చెవి ఒగ్గి వినమని, రాపిడి శబ్దం వస్తే వదలొద్దని నేను అతనికి చెప్పేవాణ్ణి. ఒకరి తెర, ఒకరి చెవి. రెండూ కావాలి.

2016లో దుండిగల్ అకాడమీ నుంచి ముగ్గురు మహిళలు మొట్టమొదటి ఫైటర్ పైలట్లుగా వచ్చారు. వారిలో అవనీ చతుర్వేది 2018లో మిగ్-21 బైసన్‌ను ఒంటరిగా నడిపారు. ఆమె పుట్టకముందే తయారైన విమానం అది! దాన్ని పైకి పంపిన నమ్మకం ఒక పుస్తకంలో ఉంటుంది. అదే ఫారం 700. విమానం సిద్ధంగా ఉందని అందులో సంతకం చేసినవాడి వయసెంతో పైలట్ అడగడు. సంతకం సంగతే చూస్తాడు. మెస్‌లోనో, క్యాంటీన్ క్యూలోనో కనబడే తరాల దూరం ఆ పుస్తకం దగ్గర చెరిగిపోవడం నేను కళ్ళారా చూశాను.

ఇప్పుడు 2022లో మొదలైన అగ్నిపథ్ ద్వారా వచ్చినవారు నాలుగో తరం. నాలుగేళ్ళ కొలువు, ఆపై 25 శాతం మందికి మించకుండా రెగ్యులర్ అవకాశం. ‘నాలుగేళ్ళలో పోయేవాడికి మనసు పని మీద ఉంటుందా?’ అని మన మిత్రుల్లో కొందరు అంటున్నారు. మాకు పని నేర్పిన ఉస్తాదుల్లో చాలామంది తొమ్మిదేళ్ళ సర్వీసు, ఆరేళ్ళ రిజర్వు షరతు మీద చేరినవారే. సర్వీసు పొట్టిదైనంత మాత్రాన పని పొట్టిది కాలేదు. అయితే ఒక తేడా దాచకూడదు. ఆ రిజర్విస్టులకు పింఛను ఉండేది, వెళ్ళిపోయే అగ్నివీరుడికి ఏకమొత్తం సొమ్మే తప్ప పింఛను లేదు. అతని ఆందోళనను క్రమశిక్షణ లోపమనుకుంటే మనం పొరబడినట్టే.

అసలు ప్రమాదం మరొకటుంది. ‘వీడు ఉండేది నాలుగేళ్ళేగా, అన్నీ నేర్పడం దేనికి?’ అని సీనియర్ అనుకోవడం. ఉస్తాద్ దాచుకున్న విద్య ఉస్తాద్‌తోనే రిటైరవుతుంది. సగం నేర్చినవాడి చేతి కింది నుంచి వెళ్ళే విమానంలో మాత్రం ఎవరి బిడ్డో ఉంటారు.

అత్తా ఒకింటి కోడలే అంటారు. మనల్నీ ఒకనాడు ‘పనికిరాని బ్యాచ్’ అన్నవారున్నారు, తిడుతూనే పూర్తిగా నేర్పారు. సర్వీసులో ఉన్న సోదరులు, సోదరీమణులు ఆ రెండోదాన్ని మాత్రం వదలకుండా కొనసాగించాలని నా మనవి.